సంగటి ముద్దతో డ్యాము తోటను ఆపిన పెద్దక్క

రాండప్పా, రాండి. ఆ చివర నిలబడినోళ్లు గూడా ముందుకు జరగండి. బీడీ తాగేటోడు బీడీ ఆర్పల్ల. గుసగుసలాడే ఆడోళ్లు గమ్మునుండల్ల. నేను చెప్పేటప్పుడు గొర్రెలు గూడా అరవకూడదు. ఈ పొద్దు పెద్దక్క సంగతి చెప్తాండా. దీంట్లో అబద్ధం ఆవగింజంత గూడా లేదు. ఉంటే గుమ్మడికాయంత ఉంటాది గానీ, చిన్నది మాత్రం ఉండదు.

గుమ్మఘట్ట పక్క పల్లెలో ఒక ఆదివారం మధ్యాన్నం. గంగాదేవి ఇంట్లో టీవీ ముందర కూలి గుంపు ఆడోళ్లంతా కూచోనుండారు. గంగాదేవి మొగుడు సోమప్ప కుర్చీలో కాళ్లు మడుచుకోనుండాడు. ఒక చేతిలో రిమోటు, తొడ మింద తట్ట, తట్టలో రాగి సంగటి ముద్ద. టీవీలో ఆ బీగం వేసిన ఇంటి ఆట వస్తాండాది. బాగా బలిసినోళ్లంతా ఒకే ఇంట్లో ఉంటారు, కొట్లాడుకుంటారు, ఏడుస్తారు, ఓట్లేసి ఒకరినొకరు బయటికి తోసుకుంటారు, అదే ఆట. ఆ పొద్దు బిందెల్తో నీళ్లు తెచ్చి ఒకరి నెత్తిన ఒకరు కుమ్మరించుకుంటాండారు.

"అయ్యయ్యో, అన్నీ నేలపాలు!" అని ఆ గుంపులోనే కూచున్న పెద్దక్క నోట్లోని వక్కాకు మింగేసింది.

లక్ష్మక్క ఆ గుంపుకు మేస్త్రి, పనులు కుదిర్చే మనిషి. ఇదే అదనని లేచింది. "మే, మనమూ ఓట్లేద్దాం. రేపు డ్యాముకు పోయే టెంపోలో పెద్దక్క వద్దు. నాతో ఉండేటోళ్లు చేతులెత్తండి."

పెద్దక్క గిరుక్కున లక్ష్మక్క వైపు తిరిగింది. శెనక్కాయ పెరికే పని అయిపోతానే ఏటికొకసారి గుంపంతా ఊర్లు చూసేకి పోయే టెంపో అది. ఏడాదంతా నేలను చూసి వంగే మనిషికి, కిటికీ కాడ కూచోని దూరం చూసేకి అదొక్కటే దినం. రేపటికని చీర గూడా ఉతికి ఆరేసి వచ్చింది.

"నేనేం చేస్తి?" అనింది.

"ఏం చేస్తివా? పోయినేడు డ్యాము కాడ చేసింది మర్చిపోతివా?"

మర్చిపోతాదా! టీవీలో నీళ్లు చూసినప్పట్నుంచి ఆయమ్మ కండ్ల ముందర అదే గదా ఆడతాండేది.

పోయినేడు బార్డరు దాటి కర్ణాటకలో ఒక డ్యాము చూసేకి పోయినారు. ఆడ అన్ని నీళ్లు చూసి పెద్దక్క కండ్లు ఎంత పెద్దవైనాయంటే, మూసుకునేకి రెప్పలు చాల్లేదు. ఊరికొచ్చినాక గూడా తెరుచుకునే నిద్రపోయింది. డ్యాము కింద ఒక తోట. తోటలో ఉన్నట్టుండి పాట మొదలైంది, నేలలోంచి నీళ్లు బుస్సుమని పైకి లేచినాయి. ఎంత పైకంటే, బళ్లారిలో జనం గొడుగులు తెరిచినారు. చూసేటోళ్లంతా చప్పట్లు కొడతాండారు. పెద్దక్క మాత్రం "పైపు పగిలిందే!" అని కేక పెట్టి ఉరికింది.

మన పద్ధతి మీకు తెలీనిదా? చీనీ తోటలో పైపు పగిలితే, అది మాటల్లేని దాయాది తోటైనా సరే, చూసినోళ్లు ఉరికి చేతికి దొరికిందాంతో మూయాల. మోటరు ఆపేదాకా చెయ్యి తీయకూడదు. ఆ పొద్దు పెద్దక్క చేతికి దొరికింది సద్దిగంప. అందులో గుంపంతటికీ కట్టిన సంగటి. ఒక ముద్ద తీసి బొక్కలో కొట్టింది. ఇంకో బొక్క, ఇంకో ముద్ద. చివరాకరి బొక్కకు ముద్ద లేక తానే దాని మింద కూచునింది. లోపలి నీళ్లకు కోపమొచ్చి ఒక ముద్దను ఎగరేస్తే, అది పోయి వాచ్‌మన్ విజిల్లో ఇరుక్కునింది. ఆయప్ప ఎంత ఊదినా కూత లేదు, సంగటి వాసనే. డ్యాములో చేపలు గూడా తలకాయలు బయట పెట్టి చూసినాయి.

ఆయప్ప కన్నడంలో తిడితే ఈయమ్మ తెలుగులో తిట్టింది. "ముందు మోటరు ఆపు, అప్పుడు లేస్తా!" అనింది. ఆపిందాకా లేయలేదు. గుంపంతా పస్తుతో ఇల్లు చేరినారు.

"నా నోటికాడి ముద్ద గదే అది!" లక్ష్మక్కకు ఆ ఆకలి ఇంకా తీరలేదు. "తప్పైంది, మళ్లీ అట్ల చేయనని ఒక్క మాట చెప్పు. ఓట్లు ఆపేస్తా."

పెద్దక్క చెంగు దోపుకోని లేచింది. "చెప్పను. నీళ్లు ఊరకే ఆకాశానికి పోతాంటే చప్పట్లు కొట్టేది నాకు రాదు. రేపు ఎగిరితే రేపు గూడా మూస్తా. మీ ఓట్లు మీరు ఏసుకోండి. తెల్లార్తానే నేను టెంపోలో కిటికీ కాడ కూచోనుంటా. దించే మగతనం ఉండేటోళ్లు వచ్చి దించండి."

"చూసినారా దీని పొగరు! ఎత్తండే చేతులు!"

ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి ఇంకోటి. గంగాదేవి చెయ్యి సగం లేచి, పెద్దక్క ముఖం చూసి తల గోక్కుని, మళ్లీ లేచింది. చూస్తాండగానే ఇల్లంతా జొన్నచేను మాదిరి చేతులే. పెద్దక్క తల దించలేదు. ఒక్కొక్క చేతినీ ఎవరిదో గుర్తు పెట్టుకుంటా నిలబడింది.

అప్పుడే తోట మోటర్లకు కరెంటు వచ్చింది. ఇంటెనక ఢమ్మనింది. చీనీ చెట్లకు పోయే పైపు పగిలి, నీళ్లు కొబ్బరిచెట్టంత లేచి, కిటికీలోంచి దూరి సోమప్ప నెత్తిన పడినాయి. అవి టీవీలోంచే వచ్చినాయనుకోని ఆయప్ప రిమోటు నొక్కుతానే ఉండాడు.

లేచిన చేతులు లేచినట్లే ఉరికినారు ఆడోళ్లు. అందరికంటే ముందర ఎవురనుకుంటిరి? లక్ష్మక్క! పోతా పోతా సోమప్ప తట్టలోని ముద్ద లాక్కోని, పైపు పగుల్లో కొట్టి, దాని మింద కూచునింది. తక్కినోళ్లు చెంగులు చుట్టినారు. పెద్దక్క నిదానంగా పోయి మోటరు ఆపింది. నీళ్లు నిలిచినాయి. ఒక చెట్టు గూడా మునగలేదు.

పెద్దక్క వచ్చి, బురదలో కూచున్న లక్ష్మక్క ముందర నడుం మింద చేతులు పెట్టి నిలబడింది. "ఏం లక్ష్మక్కా, ఇప్పుడెత్తమను చేతులు."

లక్ష్మక్క ముఖం తుడుచుకునింది. "గమ్మునుండే. కిటికీ సీటు నీదే. సంగటి గంప మాత్రం నా ఒళ్లో ఉంటాది."

"ఉండనీ. పని పడితే నీ ఒళ్లోంచే తీస్తా."

ఆడోళ్లంతా బురదలోనే పడి నవ్వుతాండారు. అప్పుడు సోమప్ప నీళ్లు కారుతా వాకిట్లోకి వచ్చినాడు. ఒక చేతిలో ఖాళీ తట్ట, ఇంకో చేతిలో రిమోటు.

"ఏమమ్మా, నా ముద్ద అన్యాయంగా పాడు చేస్తిరే! నేను రిమోటు నొక్కితే గదా ఆ నీళ్లు నిలిచింది! రేపు టెంపోలో డ్రైవరు పక్క సీటు నాకే పెట్టండి, డ్యాము నేను ఆపుతా."