త్రివేణి పుట్టింటికి దారి

వీరభద్రరావు ఏ వస్తువు కొన్నా ముందు ఉపన్యాసం వస్తుంది, ఆ వెనకాల వస్తువు వస్తుంది. వాకిట్లో మంచు ఎత్తి పక్కకు చిమ్మే స్నో బ్లోయర్ విషయంలోనూ అదే జరిగింది. హెర్న్‌డన్‌లో వాళ్ల వీధి చివర ఉండే శశికాంత్‌కి టెక్సాస్‌లో, కాపెల్‌లో ఉద్యోగం దొరికింది. మంచు ముఖం చూడని ఊళ్లో ఈ మిషన్ నాకెందుకని అతను దాన్ని అమ్మకానికి పెట్టాడు. వీరభద్రరావు దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, ఇంజిన్ గొప్పతనం గురించి భార్యకు పాఠం చెప్పి, జనవరి నెలాఖరున గ్యారేజీలోకి తోసుకొచ్చాడు.

"ఒకళ్లు వదిలించుకున్నదాన్ని మనం తగిలించుకున్నామన్నమాట," అంది కృష్ణకుమారి.

అనడానికి అన్నదే గానీ, ఇంటికొచ్చిన బండిని వట్టిగా నిలబెట్టే మనిషి కాదామె. కారుకు చేసినట్టే దానికీ పూజ చేసింది. ఒళ్లంతా పసుపు, గంధం, కుంకుమ బొట్లు. చక్రాల కింద నిమ్మకాయలు. వీరభద్రరావు తాడు లాగితే బండి భుగభుగమంది. కాసేపు ఆడించి ఆపేసి, ఇక మంచు ఎప్పుడు పడుతుందా అని చిన్నపిల్లవాడిలా ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఆయన కోరిక తీరింది. తీరడమంటే మామూలుగా కాదు. శుక్రవారం పట్టుకున్న మంచు శనివారం సాయంత్రానికి గానీ వదల్లేదు. ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే మెట్లు లేవు, వీధి లేదు, కార్లున్న చోట తెల్లటి గుట్టలున్నాయి. మనిషి దిగితే తొడల దాకా కూరుకుపోతాడు.

త్రివేణి సీమంతం ఆ ఆదివారమే.

త్రివేణి ఎదురింటి జితేందర్ భార్య. కరీంనగర్ పిల్ల. రెండుసార్లు కడుపు నిలవక, ఈసారి తొమ్మిదో నెల దాకా వచ్చింది. నెలలైతే నిండాయి గానీ భయం మాత్రం పోలేదు. ఇంట్లో నాలుగు అడుగులు వేయాలన్నా గోడ పట్టుకునేది. వాకిట్లోకి రావడం ఎప్పుడో మానేసింది. వాళ్లమ్మకు వీసా రాలేదని తెలిసిన రోజున, "మా అమ్మ లేకుంట సీమంతమేంది అక్కా, ఏమొద్దు," అని ఏడ్చింది. కృష్ణకుమారి ఆమె పక్కన కూర్చుంది. "మా ఇల్లే నీ పుట్టిల్లు. సీమంతం మా ఇంట్లో, నా చేతుల మీదుగా జరుగుతుంది. నేను మాటిస్తున్నా," అని కన్నీళ్లు తుడిచి వచ్చింది.

ముహూర్తం పన్నెండు లోపు. అది దాటితే వర్జ్యం. ఆ తర్వాత కాన్పు లోపల మంచిరోజు లేదని పురోహితుడు ఫోనులో తేల్చేశాడు.

పొద్దున్నే జితేందర్ ఫోన్ చేశాడు. "అక్కా, మీరే మా ఇంటికి రారాదు? త్రివేణి ఈ మంచుల ఎట్ల నడుస్తది? పొద్దుగాల్నుంచి ఒక్కటే మాట, నాకేదీ కలిసిరాదని ముసుగు తన్ని పండుకున్నది."

"పుట్టింటికి రమ్మని పిలిచి అత్తారింట్లోనే కూర్చోబెడతానా జితేందర్? దాన్ని తలంటు పోసుకోమను. దారి మేం వేస్తాం," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

వీరభద్రరావు యుద్ధానికి బయల్దేరాడు. టోపీ, చేతులకు తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు. తొలి లాగుడుకే ఇంజిన్ అందుకుంది. ముందున్న మర మంచును మింగి, పక్కనున్న గొట్టంలోంచి ఆకాశంలోకి చిమ్ముతుంటే, ఆయన వెనక్కి తిరిగి భార్య చూస్తోందా లేదా అని చూసుకున్నాడు. కృష్ణకుమారి చూస్తూనే ఉంది. కాబట్టి ఓ కారు పొడవు దారి పడిందో లేదో ఇంజిన్ దగ్గి, మూలిగి, ఆగిపోవడం కూడా ఆమె కళ్లారా చూసింది.

"వేడెక్కాలిగా," అన్నాడాయన.

వేడెక్కనిచ్చాడు. ఈలోగా పెట్రోల్ ఉందో లేదో చూశాడు, ఉంది. మళ్లీ లాగాడు, మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. ఆగినప్పుడల్లా పెట్రోల్ చూశాడు, ఉంది. ప్లగ్ విప్పి తుడిచి బిగించాడు. చోక్ అటూ ఇటూ తిప్పాడు. పాత పెట్రోల్ వల్లేనని దాన్ని తోడేసి కొత్తది పోశాడు. ఏం చేసినా కాసేపు నడుస్తుంది, ఆయన ముఖం వికసిస్తుంది, అంతలోనే ఆగుతుంది. చివరికి శశికాంత్‌కి ఫోన్ కలిపాడు.

"నా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదన్నా," అన్నాడు శశికాంత్ కాపెల్ నుంచి. "కార్బురేటర్ క్లీన్ చేసి చూడు. ఇక్కడైతే ఎండ చంపేస్తోంది, పిల్లలు టీ షర్టుల్లో ఆడుకుంటున్నారు."

ఆ రెండో మాట ఎవడడిగాడు? వీరభద్రరావు పళ్లు నూరుకుంటూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

వీధికి అటువైపు జితేందర్ పరిస్థితి ఇంకా ఘోరం. అతని పార పిడి విరిగిపోయింది. ఊళ్లో ఏ షాపులోనూ పారలు మిగల్లేదు. పాపం, ఓవెన్‌లో పెట్టే ట్రే పట్టుకుని మంచు తోడుతున్నాడు. ఆ లెక్కన దారి పడేసరికి పుట్టబోయే బిడ్డకు అక్షరాభ్యాసం కూడా అయిపోతుంది.

కృష్ణకుమారి పులిహోర కలిపి, చెయ్యి కడుక్కుని, పట్టుచీర మీద కోటు తొడుక్కుని గ్యారేజీలోకి వచ్చింది. వీరభద్రరావు బండిని లోపలికి తోసుకొచ్చి స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ మీదికి వంగుతున్నాడు.

"ఆగండి. దాన్ని ముట్టుకోకండి."

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. ఆఫీసులో ఆమె బల్ల వైపు వస్తుంటే ప్రోగ్రామర్లు మంచినీళ్లు తాగుతారని పేరు.

"ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో ఏం తెలుస్తుందండీ? మీలాంటివాళ్లతోనేగా ఆఫీసులో నా బతుకంతా! ఇప్పుడు నేను చెప్పింది ఒక్కటే చెయ్యండి. తాడు లాగండి."

లాగాడు. ఇంజిన్ పలకలేదు.

"చోక్ పెట్టి లాగండి."

పలకలేదు.

"ఇందాక ఆగిన ప్రతిసారీ మళ్లీ బతికిందిగా. బతికే ముందు ఏం చేశారు?"

"ఒకసారి ప్లగ్గు తుడిచా. ఒకసారి పెట్రోల్ మార్చా. ఒకసారి ఊరికే తిట్టా."

"అన్నిసార్లూ చేసిందేంటి?"

వీరభద్రరావు బుర్ర గోక్కున్నాడు. "పెట్రోల్ ఉందో లేదో చూశా. అంతే."

"ఎలా చూశారు?"

"మూత తీసి. తియ్యకుండా ఎలా కనపడుద్దే?"

కృష్ణకుమారి వంగి టాంకు మూత తిప్పింది. లోపలికి గాలి పీల్చుకున్నట్టు ఉస్సుమని చప్పుడైంది. మూత మళ్లీ బిగించి, "ఇప్పుడు లాగండి," అంది. ఇంజిన్ గయ్‌మని లేచింది. ఆపమంది. ఆయన ఆపాక మూత చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది.

నూనె డబ్బాకు ఒక్క కన్నమే పెడితే నూనె సరిగా కారదని ఏ ఇల్లాలికైనా తెలుసు. గాలి పోవడానికి రెండోది ఉండాలి. ఈ మూతకూ ఆ గాలి కోసం సన్నని కన్నం ఒకటుంది. ఉండటమైతే ఉంది. దాని మీద పసుపూ గంధమూ మందంగా మెత్తి, ఎండి, గట్టిపడిపోయి ఉన్నాయి. ఆ పైన, నడిమధ్యన, చక్కగా గుండ్రంగా కుంకుమ బొట్టు.

ఆ బొట్టు ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలుసు.

వీరభద్రరావు మూత వంక చూశాడు. ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. తర్వాత గ్యారేజీ దద్దరిల్లేలా నవ్వడం మొదలుపెట్టాడు. "శశికాంత్‌ని తిట్టా, పెట్రోల్ బంకు వాణ్ణి తిట్టా! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందే కుమారీ! పెద్ద టెస్టరువి, నీ బగ్గు నువ్వే పట్టుకున్నావు!"

"నవ్వింది చాలు గానీ ముహూర్తం దాటిపోతోంది," అంది గానీ, ఆమెకూ నవ్వాగడం లేదు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, పసుపు పెచ్చు గీకి, కన్నంలో గుచ్చి తిప్పింది. నోటితో ఊదింది. ఒక కన్ను మూసి చూస్తే అవతల వెలుతురు కనబడింది.

ఆ తర్వాత మిషన్ ఆగితే ఒట్టు. వీధి మధ్యదాకా వీరభద్రరావు నడిపాడు. "ఇలా ఇవ్వండి," అని అక్కణ్ణుంచి కృష్ణకుమారి అందుకుంది. చీర కుచ్చిళ్లు కోటు జేబులో దోపుకుని, హాండిళ్లు గట్టిగా పట్టుకుని తోస్తుంటే, మంచు ఇంత ఎత్తున లేచి పక్కకు పడుతుంటే, ఆమెకు ఈల వేయాలనిపించింది. ఇన్నాళ్లూ ఈ సుఖం ఒక్కడే కొట్టేద్దామనుకున్నాడా ఈ మహానుభావుడు! జితేందర్ ట్రే పారేసి చప్పట్లు కొట్టాడు. మగవాళ్లు పారలతో తోడిన సందుల్లోంచి చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు పట్టుచీరల మీద దుప్పట్లంత కోట్లతో, చేతుల్లో పళ్లేలతో ఒక్కొక్కరే బయటికి వచ్చారు. దారి నేరుగా త్రివేణి గుమ్మం దాకా పడింది. అటూ ఇటూ నడుమెత్తు మంచు గోడలు. కాలు జారకుండా జితేందర్ కింద ఉప్పు చల్లాడు.

గుమ్మంలో త్రివేణి నిలబడింది. ఆకుపచ్చ చీర, తలనిండా తడి ఆరని జుట్టు, కళ్లలో బెదురు. "జారితే ఎట్ల అక్కా?" అంది.

"నా చెయ్యి పట్టుకో. నేను వెనక్కి నడుస్తా, నువ్వు నన్నే చూస్తూ రా."

ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చారు. ఆడవాళ్లు పళ్లేలతో వెనకే నడిచారు. వీరభద్రరావు చేతిలోని ఫోనులో పురోహితుడు, "అమ్మా, త్వరగా పీటల మీద కూర్చోబెట్టండి, వర్జ్యం వచ్చేస్తోంది," అని గోల పెడుతున్నాడు.

వీధి మధ్యకు వచ్చాక త్రివేణి ఉన్నట్టుండి ఆగిపోయింది. కృష్ణకుమారి ఆమె పొట్ట వంక చూసింది. "ఏమైందే? నొప్పిగా ఉందా?"

"ఏం గాలేదక్కా. లోపల ఒక్కతీరుగ తంతున్నది." త్రివేణి ముఖం ఎండ వైపు ఎత్తింది. "ఎండ మంచిగున్నది. జరసేపు ఈడనే నిలబడదాం."

అని పట్టుకున్న చెయ్యి వదిలేసింది. పక్కనున్న మంచు గోడలోంచి గుప్పెడు తీసి, ఉండ చేసి, ముందు నడుస్తున్న జితేందర్ వీపు మీదికి విసిరింది. అతను ఉలిక్కిపడి తిరిగేసరికి రెండోది ఛాతీ మీద పడింది. త్రివేణి పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది.

"అమ్మా, ముహూర్తం!" అని ఫోనులో పంతులుగారు కేక పెట్టారు.

కృష్ణకుమారి మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "కాసేపు ఆగండి పంతులుగారూ," అంది. "అమ్మాయి ఆడుకుంటోంది."