ఉతకని మూట

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే పిల్ల ఆ ఉదయం పెదవి చిట్లి, నీలం పని చొక్కా ముందంతా నెత్తుటితో వచ్చి నిలబడింది. కొట్టింది మొగుడు. మా ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరే. ఏడాదిగా మాకందరికీ తెలుసు. తెలిసీ, ఆలుమగల గొడవ మనకెందుకని నోరు మూసుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

"ఇక చాలు. స్టేషనుకు పద," అంది ఇస్త్రీ అక్క.

తర్వాత మేం చేసిన పని చెప్తాను, కొత్తగా చేరినవాళ్లు బాగా వినండి. ఆ చొక్కా విప్పించి ఉతికాం. చన్నీళ్లలో నానబెట్టి, సబ్బు రుద్ది, మరక ఆనవాలు లేకుండా తీశాం. ఊడిన గుండీ చోట అక్క తెల్ల గుండీ కుట్టింది. ఇస్త్రీ చేసి మళ్లీ తొడిగాం. పెద్దవాళ్ల ముందుకు మురికిగా పోకూడదని మా వెర్రి. ఇరవై ఏళ్లుగా నెత్తురు కనిపిస్తే ఉతకడం తప్ప మాకు తెలిసిందేముంది?

స్టేషన్లో మూడు గంటలు కూర్చోబెట్టారు. ఫిర్యాదు రాసుకునే పోలీసు ఆమెను ఎగాదిగా చూశాడు.

"నెత్తురు కారిందంటున్నావ్. ఏదమ్మా?"

"ఉతికేశామండీ," అన్నాను నేనే.

"సాక్ష్యం మీరే ఉతికేసి నన్నేం రాయమంటారు? గుమ్మం తగిలినా పెదవి చిట్లుతుంది."

మొగుణ్ణి పిలిపించారు. రోజూ ప్రమాదం కేసులు తెచ్చేవాడు కదా, స్టేషనంతా వాడికి చుట్టాలే. "ఏంటి బావా, ఇంటి గొడవ వీధిలోకి తెస్తావా?" అంటూ కుర్చీ వేశారు. ఫిర్యాదు రాయాల్సిన చోట రాజీ కాగితం రాశారు.

"నేను ఇంటికి పోనండి. చంపేస్తాడు," అంది పిల్ల.

"చంపాక రా, అప్పుడు రాసుకుంటాం."

పిల్లను తన ఇంటికి తీసుకుపోతానని అక్క అంటే, ఒకరి పెళ్లాన్ని దాచిందని ఆమె మీదే కేసు పెడతామన్నారు. పిల్ల సంతకం పెట్టింది. వాడు ఆమెను ఆ అంబులెన్సులోనే ఎక్కించుకుపోయాడు. మేం చూస్తూ నిలబడ్డాం.

పద్దెనిమిదో రోజున ఎమర్జెన్సీ వార్డు నుంచి లాండ్రీకి ఉతికే బట్టల మూట దిగింది. విప్పితే నెత్తుటి దుప్పటిలో చుట్టిన నీలం చొక్కా, దానికి తెల్ల గుండీ. పిల్ల మెట్ల మీంచి పడిందని చెప్పి మొగుడే తెచ్చి దింపాడట. అప్పటికే ప్రాణం లేదు.

కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. "ఏడుపులు తర్వాత. వార్డుల్లో దుప్పట్లు లేవు, మిషన్లు తిప్పండి."

"ఇది ఉతకం. ఇదే కాదు, ఏదీ ఉతకం," అంది అక్క.

"రోగులేం పాపం చేశారే?" అంది బాయిలర్ అత్త.

"అదేం పాపం చేసిందత్తా?"

అత్త బాయిలర్ దగ్గరికి తిరిగిపోయింది. మాతో రాలేదు. మిగిలిన పదకొండు మందిమి మిషన్లు ఆపి, మూట మోసుకుని స్టేషనుకు నడిచాం. బల్ల మీద పెట్టి విప్పాం.

"నెత్తురేదీ అన్నారు. తెచ్చాం. రాయండి," అంది అక్క.

రాశాడు. ఆసుపత్రి సొత్తు దొంగిలించామని, మా పదకొండు మంది మీద. మూటను ఉతకమని లాండ్రీకే తిప్పి పంపాడు.

రెండు నెలలుగా కోర్టు వాయిదాలకు తిరుగుతున్నాం. డ్రైవరు అదే బండి నడుపుతున్నాడు. మమ్మల్ని తీసేసి మా చోట కాంట్రాక్టరు మిమ్మల్ని పెట్టుకున్నాడు. మీమీద నాకు కోపం లేదు, ఎవరి కడుపైనా ఒకటే. మొన్న బాయిలర్ అత్త మా ఇంటికొచ్చి ఏడ్చింది. మూలనున్న ఆ మూట ఎవరిదని మీరడిగితే చెప్పిందట. ఆ తర్వాత కాంట్రాక్టరు ఎంత అరిచినా మీలో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదట.

అది విని ఈ గేటు దాకా వచ్చాను. లోపలికి రానివ్వరు. న్యాయం జరుగుతుందని మీకు చెప్పలేను, నాకా నమ్మకం పోయింది. ఆ మూట మాత్రం ఉతక్కండి.