గేటు మీది లక్క ముద్ర

యోహాను గోల్‌కీపరు. బంతిని ఆపే ఆ చేతులతోనే ఆ సాయంత్రం మనుషుల్ని గోడ దాటించాడు.

2010లో తెలంగాణ అమరుల పేరున మా క్యాంపస్‌లో ఫుట్‌బాల్ పోటీ పెట్టుకున్నాం. జై తెలంగాణ అన్న పాపానికి పోలీసులు ఆట మధ్యలో బాష్పవాయువు గోళాలు పేల్చారు. కళ్లు మండి జనమంతా తార్నాక వైపు గేటుకు ఉరికారు. గేటుకు తాళం. వెనక లాఠీలు. నా కళ్ల ముందే మనుషుల మీద మనుషులు పడ్డారు, ఎముకలు విరిగాయి. ఎత్తి ఎత్తి అలసిన యోహాను కాళ్ల కింద పడి నలిగిపోయాడు. అతనితో కలిపి ముగ్గురు చచ్చారు.

తెల్లారి సీఐగారు సెలవిచ్చారు: తాగిన విద్యార్థులు గోలు కోసం తన్నుకున్నారట, ఎదుటి జట్టు పారిపోకుండా యోహానే తాళం వేశాడట! పేపర్లన్నీ నోరు మూసుకుని అదే అచ్చేశాయి.

సీతాఫల్‌మండి నుంచి యోహాను తల్లి కాశమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకును హంతకుడని పేరు వెట్టి పూడ్సమంటున్నరు, భూమికా. గా పేరు తియ్యి. పేపర్ల రాస్తవు గద."

నేను జర్నలిజం విద్యార్థిని, ఒక పత్రికకు క్యాంపస్ విలేకరిని. ఏడుస్తూనే గేటు దగ్గరికి పోయాను. గేటవతలి జాగా మీద ఒక కాంట్రాక్టరు కన్నుంది. వాడి కోసం సీఐ దారి మూయించాడని అందరూ గుసగుసలాడేవారు, రుజువు లేదు. తాళం చూస్తే నవ్వు, కోపం ఒక్కసారే వచ్చాయి. దాని చుట్టూ గుడ్డ, గుడ్డ మీద లక్క, లక్కలో ఠాణా ముద్ర! దొంగ తాళం వేసినా పోలీసు చేతికి అలవాటు పోలేదు.

ఫోటో తీసి పత్రికాఫీసుకు పరుగెత్తాను. డెస్క్ ఇన్‌ఛార్జి సుబ్బరాయుడు కడపాయన. ఫోటోను దగ్గరికి పట్టి ముద్ర మీది అక్షరాలు చదివాడు.

"మీ ఉద్యమం నాకు గిట్టదు పాపా. అయినా సచ్చినోడి మీద అబద్ధమేసి అన్నమెట్ల తినేది? ఇట్లియ్యి."

మొదటి పేజీలో వేశాడు. పేపరు బయటికొచ్చిన రోజే ఆయన ఉద్యోగం ఊడింది.

హాస్టల్ మెస్సులో కేకలు. ఠాణా తగలబెడదామని సగం మంది లేచారు. కాశమ్మ తమ్ముడు రాజలింగం బల్ల గుద్దాడు.

"తగలవెడితే తాళం గూడ మనమే ఏసినమంటరు. ముద్ర వగలగొట్ట వస్తరు వాళ్లు. గేటుకాడికి నడువున్రి."

అన్నట్టే వ్యాన్లలో దిగారు, చేతుల్లో రంపాలతో. గేటుకు వీపులానించి విద్యార్థులు, మల్కాజ్‌గిరి కూలీలు, గోల్నాక ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్లలో సుబ్బరాయుడూ ఉన్నాడు. కాశమ్మ తాళాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఇది మీరేసిందే. జడ్జి సూసినంక తీద్దురు."

లాఠీలు లేచాయి. తలలు పగిలాయి, రక్తం కళ్లలోకి కారింది. ఒకడు పడితే ఇంకొకడు ఆ చోట్లోకి వచ్చాడు. నన్ను జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు. జాలీలోంచి చూశాను. తార్నాక చౌరస్తా నుంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. కాశమ్మ కుడిచెయ్యి విరిగి వేలాడుతోంది. ఎడమచెయ్యి తాళం మీదే ఉంది.