ఓదెమ్మ ఇంటి ఫ్యూజు

నేను ఒక ఫ్యూజును. పింగాణీ ఒళ్ళు, లోపల సన్నటి తీగ. బట్టీలో కాలి పుట్టాను కాబట్టి వేడి నాకు కొత్త కాదు. మనుషులే కొత్త. నా మీద చెయ్యి పడిందంటే పీకడానికేనని త్వరలోనే అర్థమైంది.

మొదట ఒక పిండిగిర్నీలో ఉన్నాను. తీగ తెగినప్పుడల్లా యజమాని ఇంకాస్త లావు తీగ చుట్టి “ఏం కాదు” అనేవాడు. మోటారు కాలిపోయాక నన్నే తిట్టాడు. అప్పటినుంచి “ఏం కాదు” అనేవాళ్ళను నేను నమ్మను.

తర్వాత బొగ్గుగనుల పక్కన ఓదెమ్మ ఇంటి బయటి గోడకు చేరాను. ఆమె భర్త రాజనర్సు ముప్పై ఏళ్ళు గనిలో పనిచేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము తెచ్చుకున్నాడు. వేసవిలో కిటికీ తీస్తే బొగ్గుపొడి, మూస్తే ఉక్క. ఆక్సిజన్ మిషన్ లేకుండా ఆయన కూర్చోలేడు. ఆ మిషన్‌కు కరెంటు నా గుండానే పోవాలి. నేను పక్కకు తప్పుకుంటే ఆయన ఏమైపోతాడోనని భయంగా ఉండేది.

ఆ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎండ నలభై ఐదు డిగ్రీలు దాటితే, లేదా గాలిలో దుమ్ము హద్దు మీరితే, బిల్లు కట్టకపోయినా సరే, ఆ రోజు ఎవరి ఫ్యూజూ పీకకూడదు. వీధంతా సంతోషించింది. కొలిచేదెవరో అని నాకు మాత్రం అనుమానం.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, బిల్లు బాకీ ఉందని లైన్‌మన్ మొండయ్య వచ్చాడు.

“గీ ఎండల తీస్తవా మొండన్నా? ఆర్డరున్నది గదా!” అంది ఓదెమ్మ.

“ఆఫీసు లెక్కల ఇయ్యాల ఎండ ఇరవై ఏడేనక్కా. దుమ్ము గూడ లేదన్నరు. నేనేం జెయ్య?” అంటూ మొండయ్య చెమట తుడుచుకుని నన్ను పీకి సంచిలో వేశాడు.

కరెంటాఫీసులో ఇంజనీరు బల్ల మీద పడ్డాక సంగతి తెలిసింది. ఎండనూ దుమ్మునూ కొలిచే పెట్టె అక్కడే, ఏసీ కింద, గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఖరీదైనదట. బయట పెడితే ఎండకు పాడవుతుందట, దుమ్ము పడుతుందట! ఇంజనీరు రోజూ గుడ్డ ఎత్తి, అంకె చూసి సంతకం పెడుతున్నాడు. మొదట మోసమనుకున్నాను. కాదు, ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. నాకు ఇంకా భయమేసింది.

అరగంటలో బయట ఆటో ఆగింది. ఓదెమ్మ ఒక చేత్తో భర్తను పట్టుకుని, ఇంకో చేత్తో చక్రాల మిషన్‌ను లాక్కుంటూ లోపలికొచ్చి, ఆ పెట్టె పక్కనున్న ప్లగ్గులో తీగ గుచ్చింది. గొట్టం ముక్కుకు తగిలించాక గానీ రాజనర్సు పెదాలకు రంగు రాలేదు. అంతసేపూ నేను బల్ల మీద పనికిరాకుండా పడి ఉన్నాను. సిగ్గేసింది.

“మీ కాడ ఎండ లేదంట గదా సారూ. ఎండలు పోయేదాక మా ఆయన గీడనే ఉంటడు,” అంది ఓదెమ్మ.

ఇంజనీరు కంగారుగా నన్ను తీసి ఆమె ముందుకు చాచాడు. “ఇదిగోమ్మా, తీసుకుపోయి పెట్టించుకో.”

ఆమె అందుకోలేదు. నాకంటే అనుమానపు మనిషిని అప్పుడే చూశాను.

“తీసినోళ్ళే పెట్టాలె సారూ. మీరు గూడ పోయి సూడుండ్రి.”

ఇంజనీరు మొండయ్య బండి వెనక ఎక్కాడు. సందులోకి వచ్చేసరికే దగ్గు మొదలైంది, చొక్కా తడిసిపోయింది. నన్ను స్వయంగా బిగించాడు. ఆ చెయ్యి మళ్ళీ పీకదని నమ్మకమేమిటని నేను చూస్తూనే ఉన్నాను. గొంతు ఎండిపోయి, కాసిని మంచినీళ్ళడుగుదామని ఆయన తలుపు దగ్గరికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది. ఇంటివాళ్ళిద్దరూ ఆయన గదిలో చల్లగా కూర్చుని ఉన్నారు.