పట్టీ ఏ రంగు

ఫుకుయి ఊళ్లో మా బొమ్మరైళ్ల సంఘానికి నేను కార్యదర్శిని. ఇరవై రెండేళ్లుగా నేనే. ఇంకెవరూ ముందుకు రారు కాబట్టి మియోషీయే, అని మావాళ్లంటారు. ఇంకెవరికీ చేతకాదు కాబట్టి నేనే, అని నేనంటాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పేట భవనం మేడమీద బల్లలు కలిపి పట్టాలు పరుస్తాం. మా రైళ్లు చిన్నవి, అసలు రైలులో నూటయాభయ్యో వంతు. పేచీలు మాత్రం అసలు సైజువే.

మాలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఫలానా ఇంజనుకి పొగగొట్టం పొట్టిగా ఉండేది అన్నారనుకోండి, పక్కవాడు వెంటనే "ఎందులో ఉంది?" అని అడుగుతాడు. పుస్తకం పేరు, పేజీ చెప్పాలి. చెప్పలేకపోతే ఆ మాట లెక్కలోకి రాదు. ఈ పద్ధతి పెట్టింది నేనే. పెట్టకపోతే ప్రతివాడికీ ఒక స్టేషన్‌మాస్టరు మేనమామ పుట్టుకొస్తాడు, ఆ మేనమామలందరూ తలో మాటా చెబుతారు.

తనొకురా లైను మూసేసి ఆ ఏటికి యాభై ఏళ్లు. శరదృతువులో పట్టణ భవనంలో ప్రదర్శన పెట్టమని కబురొచ్చింది. స్టేషనూ సొరంగమూ మిగతావాళ్లు పంచుకున్నారు. ఆ లైను మీద తిరిగిన రైలుబస్సుని, అంటే బస్సులాంటి ఒంటిపెట్టె బండిని, ఒగురి చేస్తానన్నాడు. ఒగురి నాకంటే ఐదేళ్లు పెద్ద, నాకు ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. చెయ్యి గొప్పది, మాట తక్కువ. రెండు నెలలు కూర్చుని ఇత్తడి రేకు కోసి, అతికి, రంగేసి తెచ్చాడు. మీగడ రంగు ఒళ్లు, కిటికీల కింద ఆకుపచ్చ పట్టీ.

పట్టీ ఎరుపు కదా అన్నాను నేను. కాదు, పచ్చేనన్నాడు. హైస్కూలుకి మూడేళ్లు రోజూ అదే బండిలో వెళ్లాడట. నేను బీరువాలోంచి స్థానిక రైళ్ల పెద్ద పుస్తకం తీసి రంగుల బొమ్మ చూపించాను. ఎరుపు. ఇదే బండిని ఇంట్లో అతికి చేసుకోవడానికి అంగట్లో దొరికే సామాను పెట్టె చూపించాను. ఎరుపు. మాలో కుర్రవాడు, అంటే నలభై దాటినవాడు, ఒబా తన ఫోన్లో రెండు పేజీలు తెరిచి చూపించాడు. అవీ ఎరుపే. పాత ఫొటోలన్నీ నలుపు తెలుపు. వాటిలో ఎరుపైనా పచ్చైనా ఒకటే బూడిద రంగు.

"నేను చూశాను మియోషీ," అన్నాడు ఒగురి.

"ఎందులో ఉంది?" అన్నాను.

అందరూ నవ్వారు. అక్కడితో ఆగితే సరిపోయేది. నా నోరు ఆగదే. "ఓసారి కళ్ల డాక్టరుకి చూపించుకో. కళ్లు బాగున్నాయంటే తల డాక్టరుకి చూపించుకో," అన్నాను. ఇంకాస్త నవ్వారు. ఒగురి కూడా కొంచెం నవ్వాడు. రైలుబస్సుని గుడ్డలో చుట్టుకుని, చీకటి పడకముందే వెళ్లాలంటూ మూడింటికే లేచిపోయాడు.

మూడు ఆదివారాలు రాలేదు. అలిగాడనుకున్నాను. అలిగితే అలగనీ, ముసలితనానికి తోడు ఈ మూతిముడుపులొకటి అని నాలో నేనే తిట్టుకున్నాను. నాలుగోవారం అతని భార్య ఫుసాయె ఫోన్ చేసింది.

ఆవిడ చెప్పింది ఇదీ. ఒగురి నిజంగానే వెళ్లాడట. ముందు కళ్లకి, తర్వాత ఆసుపత్రిలో మతిమరుపు పరీక్షకి. ఇంట్లో చెప్పకుండా ఒక్కడే వెళ్లాడు. వయసుకి తగ్గట్టే ఉంది, ఏ జబ్బూ లేదని డాక్టరు చెప్పాడు. ఇతను నమ్మలేదు. డాక్టరుకి ఆ బండి సంగతేం తెలుసన్నాడట. కారు లైసెన్సు తీసుకెళ్లి తిరిగిచ్చేశాడు. ఇంట్లో సొరుగులన్నిటి మీదా లోపల ఏముందో రాసి చీటీలు అంటించాడు. పెళ్లినాడు వాన పడిందా లేదా అని ఆవిణ్ణి అడిగాడట, పడిందంటే, నాకు ఎండ గుర్తుంది అన్నాడట.

"మూడేళ్లు రోజూ చూసిన రంగే తప్పయితే, మిగతాదంతా ఏమని నమ్మనూ అంటున్నారండీ," అంది ఫుసాయె. "నేను నీగాతా నుంచి వచ్చినదాన్ని, ఆ బండి ముఖం కూడా ఎరగను. మియోషి గారూ, మీకు అన్నీ తెలుసంటారుగా. అది ఏ రంగో ఖాయంగా చెప్పండి. ఆయన చెప్పిందే నిజమైతే ఆయనకి చెప్పండి. కాకపోతే నాకైనా చెప్పండి, నేను అలవాటు పడతాను."

చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాక నామీద నాకే అసహ్యం వేసింది. జీవితమంతా నేను చెప్పిందే నిజమవ్వాలని వెతికినవాణ్ణి, మొదటిసారి నాది తప్పయితే బాగుండునని వెతకడం మొదలుపెట్టాను.

ముందు ఒబా చేత ఇంటర్నెట్లో రైళ్ల పిచ్చివాళ్ల చర్చాపేజీలో నా పేరు మీదే ప్రశ్న పెట్టించాను. ఒక్కరోజులో పదకొండు జవాబులు. తొమ్మిది ఎరుపు. ఒకడు ముదురు గోధుమ. ఇంకొకడు అసలు ఆ లైనులో రైలుబస్సే తిరగలేదు, ఆవిరింజనే అన్నాడు. వాడికి ఏడుగురు శభాష్ చెప్పారు. నాకు తల తిరిగింది. ఎరుపు అన్నవాళ్లని ఎలా తెలుసని అడిగిస్తే సగంమంది సామాను పెట్టె అన్నారు, సగంమంది పెద్ద పుస్తకం అన్నారు.

పెట్టె చేసే కంపెనీకి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి మహా మర్యాదగా నన్ను పావుగంట ఆపి, మా రంగుకి ఆధారం అదే పెద్ద పుస్తకమని చెప్పింది. పుస్తకం రాసినాయన పోయి పదేళ్లయింది. ప్రచురణవాళ్లు వెతికి, మూడురోజుల తర్వాత, ఆయన కాగితాల్లో ఆ బొమ్మ పక్కన ఒక పాత రైలు పత్రిక పేరు, 1979 ఏప్రిల్ అని రాసి ఉందన్నారు. అంటే పదిమంది చెప్పినట్టు కనబడ్డది ఒక్క కాగితమే చెప్పింది. అప్పటికే నాకు కాస్త అనుమానం రావలసింది. రాలేదు. గొప్ప ఆధారం దొరికిందని సంబరపడ్డాను కూడా.

పాత పత్రికలు మా ఊళ్లో కాజితాని దగ్గరే ఉంటాయి. అతని బొమ్మరైళ్ల కొట్టు వెనక గదిలో తాళ్లతో కట్టిన కట్టలు నడుమెత్తు పేర్చి ఉంటాయి. కాజితాని నాకు బార్లీ నీళ్లిచ్చి, నీకీ వయసులో ఈ దుమ్మెందుకయ్యా అని గొణుక్కుంటూనే కట్ట విప్పాడు. 1979 ఏప్రిల్ తీశాను. పాఠకుల పనితనం అనే పేజీలో ఉంది. అరచేతిలో రైలుబస్సు పట్టుకున్న కుర్రాడు, రంగుల ఫొటో, ఎర్ర పట్టీ. కింద రెండు వరుసలు: తనొకురా లైను బండి, అప్పటి రంగులో. చేసినవారు మియోషి తొషినారి, కనజావా, 24 ఏళ్లు.

కాజితాని నా భుజం మీదుగా చూసి, "నువ్వే కదయ్యా," అన్నాడు.

నేనే. జుట్టున్న నేను. కాసేపు ఆ ముఖం నాది కాదేమో అనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కనజావాలో అద్దెగది, చలికాలం, చేతివేళ్లకి రంగు. తనొకురా లైను నేను పుట్టాక ఒక్కసారీ ఎక్కలేదు, చూడలేదు. నేను ఉద్యోగానికి ఈ జిల్లాకి వచ్చేసరికే దాన్ని పీకేశారు. ఒక నలుపు తెలుపు ఫొటో చూసి చేశాను. పట్టీకి ఏం వెయ్యాలో తెలియలేదు. ఒక బొమ్మ తపాలా పెట్టెకి వేసిన ఎరుపు సీసాలో కాస్త మిగిలి ఉంటే అది వేశాను. మరి "అప్పటి రంగులో" అని ఎందుకు రాశాను? అలా రాస్తే అచ్చు వేస్తారని రాశాను. వేశారు. తర్వాత నేనే దాన్ని మరిచిపోయాను. నలభైమూడేళ్లుగా ఆ ఎరుపు ఊరంతా తిరిగి, పుస్తకమై, పెట్టె అయి నా బీరువాలోకి వచ్చి కూర్చుంటే, దాన్ని తీసి ఒగురి ముఖాన కొట్టాను.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ సిగ్గుపడితే రంగు తేలదు కదా. నా ఎరుపు ఉత్తదైనంత మాత్రాన అతని పచ్చ నిజమని రుజువేమిటి? ఆ మాటా నాకే తట్టింది. పాడు బుద్ధి.

ఒబా చేత చర్చాపేజీ మొత్తం తిరగేయించాను. రెండేళ్ల కిందట ఒకామె రాసింది దొరికింది. వాళ్ల తాత ఆ లైనులో డ్రైవరట. లైను మూసేశాక బండి ఒళ్లు కొనుక్కుని ఉల్లికాడల పొలంలో సామాన్లు దాచుకునే గదిగా పెట్టుకున్నాడట. పట్టీ పచ్చగా ఉండేదని తాత చెప్పేవాడని రాసింది. దాని కింద ఎవడో "ఎందులో ఉంది?" అని అడిగాడు. ఆమె మళ్లీ రాయలేదు. ఆ అడిగినవాడి పేరు చూడమంటే ఒబా చూసి, చెప్పడానికి మొహమాటపడ్డాడు. నేనే.

ఆ పొలం మా పేట భవనానికి ఐదు కిలోమీటర్లు. బండి యాభై ఏళ్లుగా అక్కడే నిలబడి ఉంది. అది అచ్చులో లేదు కాబట్టి మాలో ఎవరూ పోయి చూడలేదు.

మర్నాడే వెళ్లాను. కాడలు కడుగుతున్న ఆ డ్రైవరు మనవరాలికి దణ్ణం పెట్టి, అడిగి, ఉప్పుకాగితం తీసుకుని కిటికీ కింద అరచెయ్యంత మేర రుద్దాను. పైన తెలుపు. దాని కింద బూడిద. దాని కింద పచ్చ, చిక్కటి తేయాకు పచ్చ. ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త రుద్దేసరికి అడుగున ఎర్రగా తగిలింది. మళ్లీ నా ఎరుపేనా అనుకున్నాను. పైన, కింద, తలుపు దగ్గర, నాలుగుచోట్ల రుద్ది చూశాను. ఎక్కడ రుద్దినా అడుగున అదే ఎరుపు. తుప్పు పట్టకుండా ఇనుముకి మొదట పూసే పూత అది, మరేం కాదు. దాని మీద మిగతా ఒళ్లంతా మీగడ రంగు, పచ్చ ఒక్క పట్టీ మేరకే. పచ్చే. ఒగురిదే నిజం. పెచ్చు ఒకటి ఊడితే కాగితంలో చుట్టుకుని తిన్నగా వాళ్లింటికి పోయాను.

ఒగురి తలుపు తీసి, నన్ను చూసి నిజంగా సంతోషించాడు. మనిషి తేరుకున్నాడు. ముఖంలో కళ ఉంది. కూర్చోబెట్టి, నేను నోరు తెరవకముందే లోపలికి వెళ్లి రైలుబస్సు తెచ్చి నా ముందు పెట్టాడు. పట్టీ ఎర్రగా మెరుస్తోంది. ఎక్కడా చుక్క చెదరలేదు.

"నువ్వన్నదే నిజం మియోషీ. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది," అన్నాడు. వానాకాలం పొద్దున్నే మలుపు దగ్గర పొగమంచులోంచి ముందు ఆ ఎర్ర గీతే కనబడేదట. దాన్ని చూసి అమ్మాయిలు గొడుగులు మూసేవాళ్లట. ఎంత బాగా చెప్పాడంటే, నాకు కూడా కనబడింది.

కాగితం విప్పి పెచ్చు బల్లమీద పెట్టాను. పొలం సంగతి చెప్పాను. పత్రిక సంగతి చెప్పాను. అద్దెగది, మిగిలిన రంగు, నా అబద్ధం, అన్నీ. క్షమించమని తల వంచాను. ఒగురి కళ్లద్దాలు పెట్టుకుని పెచ్చుని అటూ ఇటూ తిప్పాడు. తిరగేసి, అడుగున వేలు పెట్టి చూపించాడు.

"ఇదుగో ఎరుపు. మొదట వేసింది ఇదేగా. పైన పచ్చ ఆ తర్వాత ఎవరో పూసుంటారు."

"అది తుప్పుకి పూసేది. ఒగురీ, నేను ఆ బండిని చూడనే లేదు. ఊరికే రాశాను."

ఒగురి నా వంక జాలిగా చూశాడు. ముప్ఫై ఏళ్లలో అతను నన్ను అలా చూడ్డం అదే మొదలు.

"చూడకుండా రాసే మనిషివి కాదు నువ్వు. చూసే ఉంటావు, మరిచిపోయావు. మన వయసుకి మామూలే, భయపడకు," అన్నాడు. గొంతు తగ్గించి, ఆసుపత్రిలో ఆ పరీక్ష నొప్పేమీ ఉండదని, బొమ్మలు చూపించి అడుగుతారంతేనని, కావాలంటే తోడు వస్తానని చెప్పాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఘోరం, నిజంగా చూశానేమో, ఎప్పుడైనా ఆ దారిన పోతూ కిటికీలోంచి చూశానేమోనని ఒక్క క్షణం నాకే అనిపించింది.

ఫుసాయె టీ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి అంతా వింది. నేను లేస్తే గుమ్మం దాకా వచ్చింది. బూట్లు వేసుకోవడానికి కూర్చున్నాను. ఆవిడ నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి వినబడకుండా అడిగింది.

"పచ్చేనాండీ?"

"పచ్చే."

"అయితే అప్పుడు ఆయనకి అంతా సరిగ్గానే గుర్తుండేదన్నమాట."

"సరిగ్గానే ఉండేది."

ఆవిడ తల ఊపింది. లోపల ఒగురి ఆ బండిని బల్లమీద నడిపించుకుంటున్నాడు, చక్రాల చప్పుడు వినబడుతోంది.

"మరి ఇప్పుడండీ?" అంది ఫుసాయె.