సబ్జా మొలిచిన చోటు

తండ్రి పేరు చెక్కించిన రాయిని ట్రాలీ ఆటోలో వేసుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని కుతుబుద్దీన్ పొద్దున్నే ఖబ్రస్తాన్‌కు వెళ్లాడు. తెల్లారితే, పోయినవాళ్ల సమాధుల దగ్గర దువా చేసే షబ్-ఎ-బరాత్. "నువ్వు గోడ బయట నిలబడి జాగ ఇదేనని చెప్తే చాలు అమ్మీ," అన్నాడు పోతూ పోతూ. తల్లి షహర్ బాను పక్కింటి ఐలమ్మను తోడు తీసుకుని వాగు గట్టు వెంట బయల్దేరింది.

వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. కుతుబుద్దీన్ ఇంకా బడికి పోని వయసులో, శామీర్‌పేట దిక్కు వానలకు పొంగి ఇదే వాగు ఊరి మీద పడింది. బడి గోడకు కిటికీ ఎత్తున మిగిలిన మట్టిచార ఎన్ని సున్నాలు వేసినా మళ్లీ తేలుతూనే ఉంది.

"ఏం ఎరగనట్టు ఎట్ల పన్నదో సూడు," అంది ఐలమ్మ వాగును చూస్తూ. "మా బర్రెను గుంజుకపోయిన దొంగముండ."

షహర్ బాను నవ్వింది. ఆ వరదకు సమాధుల దిబ్బలన్నీ చదునైపోయాయి. భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆడవాళ్లు లోపలికి పోరు కాబట్టి కూలిన గోడ ఇవతల నుంచే వెతికింది. ఆయన సమాధికి తలవైపు నాటించిన సబ్జా మొక్క, ఒండు మట్టిలో ఒకచోట పచ్చగా కనిపించింది. "అదే," అని చూపించింది. అప్పటినుంచి పూలు వేయించడమూ, ఫాతెహా చదవడమూ అక్కడికే.

గట్టు మలుపులో ఐలమ్మ వంగి ఒక రెమ్మ తుంచి వాసన చూసింది. "మా కోడలు సుచిత్ర చౌరస్తాల కొనుక్కొస్తది సబ్జా గింజలు, శర్బత్‌కని. ఈడ ఊకెనే మొలుస్తయి."

"ఎవరు పెట్టిన్రు?"

"ఎవరు పెడ్తరే? వాగే పెట్టింది. గా వరద పోయినంక మా పెంటకుప్ప మీద గూడ మొలిచినయి గదా."

షహర్ బాను కాళ్లు ఆగిపోయాయి. తర్వాత గబగబా నడిచింది.

గోడ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ సిమెంటు మాలు కలిపేశాడు. లోపల అక్కడొక గుబురు, ఇక్కడొక గుబురు సబ్జా. ఇన్నాళ్లూ వాటిని ఎవరి సమాధికి వాళ్ల వాళ్లు నాటుకున్నారనుకుంది.

"ఇదే గదా అమ్మీ?"

"ఆపు బేటా."

"ఏమైంది?"

"నాకు తెల్వది. చెట్టును చూసి చెప్పిన. చెట్టును వాగు తెచ్చిందేమో."

కుతుబుద్దీన్ కాళ్ల దగ్గరి నేలను చూశాడు. "మరి అబ్బా యాడున్నడు?"

ఆమె గోడ మీదుగా ఒక్కో గుబురునూ వెతికింది.

"అన్నా, మాలు గట్టిపడ్తది," అన్నాడు మేస్త్రీ.

కుతుబుద్దీన్ తల్లి వైపు చూడకుండానే రాయిని ఎత్తి మళ్లీ ఆటోలో పెట్టాడు. షహర్ బాను కొంగుతో దాని మీది సిమెంటు మరక తుడిచింది. భర్త పేరున్న రాయిని ఇంట్లో ఏ గోడకు ఆనించాలో ఆమెకు తోచలేదు.