గడప దాటిన పాస్‌పోర్టు

ఆదోని బస్టాండు ఎదురుగా ఉంది నా టికెట్ల దుకాణం. పన్నెండేళ్లలో నా ప్రాణం తీసినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఎమ్మిగనూరు కాశప్పన్నకు సాటి వచ్చేవాళ్లు లేరు. మగ్గం చీరల వ్యాపారం, మెత్తని మనిషి. జేబులో డబ్బున్నా లేకపోయినా పంచాంగం మాత్రం ఉంటుంది.

ఆయన భార్య మల్లేశ్వరక్క సముద్రం చూడలేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నాలుగుసార్లు బట్టలు సర్దుకుంది. నాలుగుసార్లూ తుమ్మో పిల్లో అడ్డొచ్చి, ఆయన గడప దగ్గరే ఆపేశాడు. ఈసారి ఆయనకు చెప్పకుండా ఒక్కతే బస్సెక్కి వచ్చి, సింగపూరులో శుక్రవారం బయలుదేరే విహార ఓడకు ఇద్దరికీ బుక్ చేయించింది. విమానం టికెట్లు కూడా ఓడ కంపెనీవాళ్లనే తీయమంది.

"ఇమానం ఆలస్యమైతే ఓడ ఎక్కించే పూచీ వాళ్లదే అంట గదా నిఖతూ. నాకా పూచీ కావల్ల" అంది. ఆమె భయం విమానం గురించి కాదని నాకు తెలుసు.

కంపెనీ బెంగళూరు నుంచి గురువారం విమానం ఇచ్చింది. సంగతి తెలిసి మర్నాడే కాశప్పన్న దుకాణంలో దిగాడు.

"గురువారం దక్షిణానికి వారశూలమ్మా. బెంగళూరు దక్షిణం గాదా?"

మార్పించాను. బుధవారం దొరికింది. అది అమావాస్య. మళ్లీ మార్పించాను. మంగళవారం దొరికింది. ఆయన మొహం చూసి నేనే ముందు అందుకున్నాను.

"అన్నా, ఇంతకన్నా ముందర వాళ్లు ఇయ్యరు. వారానికి ఎనిమిదో దినం యాడన్నా ఉంటే నువ్వే ఎతికి తీసుకరా."

ఆయనకు కోపం రాలేదు. రెండు రోజులు ఆలోచించి ఉపాయంతో వచ్చాడు. పెద్దల కాలం నుంచీ ఉన్నదే. మంచి రోజున మన సంచి పక్కింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. ఐతే అది లేకుంటే ప్రయాణమే సాగదనే వస్తువు ఆ సంచిలో ఉండాలట. సోమవారం మంచి గడియ చూసి, రెండు పాస్‌పోర్టులూ సంచిలో పెట్టి, ఎదురింటి హుసేనప్పకు అప్పగించాడు.

మంగళవారం మధ్యాహ్నం కాశప్పన్న ఫోను.

"నిఖతూ, హుసేనప్ప ఇంటికి తాళమేసినాడు! కౌతాళంలో పత్తి సేనికి పోయినాడంట, సాయంత్రం గానీ రాడంట!"

నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అంతలో అటువైపు అక్క గొంతు తాపీగా వినిపించింది.

"నా పాస్‌పోర్టు నా కాడనే ఉందిలే. నిన్న సంచిలో నుంచి తీసేసుకుంటి."

కాశప్పన్న అరిచాడు. "నిఖతూ, రెండు టికెట్లూ రద్దు సెయ్యి!"

"నేను సెయ్యలేనన్నా. బుకింగు అక్క పేరు మీదుంది. ఆయక్క సెప్తేనే రద్దయ్యేది. కంపెనీ రూలు."

ఆ మాట చెప్పడంలో నాకు కలిగిన సంతోషం దాచుకోను. ఇన్నాళ్లకు ఆయన పంచాంగానికి జవాబు చెప్పే రూలు ఒకటి దొరికింది.

"నేను సెప్పను" అంది అక్క. బెంగళూరుకు మాట్లాడుకున్న కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

నేను వెంటనే కంపెనీకి ఫోన్ చేసి, ఒక మనిషి వెనకబడ్డాడని చెప్పాను. టికెట్టు వాళ్ల ద్వారానే తీసింది కాబట్టి తర్వాతి విమానంలో సర్దుతామన్నారు.

సాయంత్రం కాశప్పన్న సంచి చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. కాళ్లకున్న చెప్పులు చెరో జతవి.

"ఏ ఇమానాలుండాయి?"

"రేపొకటి, ఎల్లుండొకటి."

జేబులోకి చెయ్యి పోతుందని చూశాను. పోలేదు.

"రేపే తియ్యి. ఊరు గాని ఊరు, ఒక్కతే పోయింది. నేను లేకుండా మంత్రాలయం గూడా పోయిన మనిషి గాదు" అన్నాడు. అన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. టికెట్టు చేతికిచ్చి, టీ తాగించి పంపాను.

మర్నాడు ఆయన బెంగళూరు కారెక్కాక అక్కకు ఫోన్ చేశాను. వెనక నుంచి అలల హోరు వినిపిస్తోంది.

"ఎట్లుందక్కా సముద్రం?"

"పొద్దున్నుంచి దీని ముందరే కూసున్నా నిఖతూ. ఎవురూ లెయ్యమనలేదు."

"సంతోషమక్కా. ఇంగోటి ఇను. అన్న ఈ దినమే బయల్దేరినాడు. అమావాస్యని గూడా సూడలేదు. రేపు పొద్దునకంతా నీ ముందర ఉంటాడు!"

అక్క ఏమీ మాట్లాడలేదు. ఏడుస్తోందేమో అనుకుని, నేను కూడా కళ్లు తుడుచుకున్నాను.

"నిఖతూ" అంది కాసేపటికి. "రేపటి ఇమానంలో సీట్లు లేకపాయనా?"